ఎవరి కారుదో ఆ బెల్ట్

శాంటా క్లారాలో పాత కారు సామాన్ల సంతలో నేను కళ్లజోడు పెట్టుకునేలోపే మా పక్కింటాయన ఆ సీట్ బెల్ట్ కొనేశాడు.

మా ఇద్దరివీ పెద్ద ఇంజన్ల పాత మజిల్ కార్లే. నాది అరవై ఎనిమిది మోడల్, ఆయనది డెబ్భై. ఏ కారెక్కినా బెల్ట్ తిరగేసి, లేబుల్ మీద తయారీ తేదీ చదవడం ఆయన అలవాటు. అది కారు వయసుతో కలిస్తేనే ఒరిజినల్. మా ఆవిడ ముందే నా కారు బెల్ట్ చదివి, "డూప్లికేట్ అన్నా. పర్లేదులే, ఎవరు చూస్తారు?" అన్నాడు. ఆయనవన్నీ ఒరిజినలే. ఆ కారు కనిపిస్తే నాకు కడుపు మండేది.

సంతలో ఆయన చేతిలోని బెల్ట్ లేబుల్ చూశాను. అరవై ఎనిమిది.

"ఇది నా కారుకి కదయ్యా, నీకెందుకు?"

"ఉండనీ అన్నా," అని చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

తర్వాత తన కారు అమ్మేసి రెడ్‌మండ్ వెళ్లిపోయాడు. కొన్నవాణ్ణి అడిగాను. కారుతోపాటు ఆ బెల్ట్ రాలేదట, ఆయన తనతోనే పట్టుకెళ్లాడట.