తమ్ముడి దవడ ఫిల్ము

మా బావమరుదులిద్దరూ కవలలు. పెద్దవాడు బ్యాండులో బాకా ఊదేవాడు. గట్టిగా ఊదితే వీధి చివర దండెం మీది తడిబట్టలు ఆ గాలికే ఆరిపోయేవంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్ముతుంది. చిన్నవాడు తాళాలు బాగుచేసేవాడు. ఇద్దరూ ఒకే అచ్చులో పోసినట్టుండేవారు. ఒకడు దిగిన ఫోటోనే ఇద్దరి కార్డులకీ అంటించుకునేవారు. ఎవరూ పట్టుకోలేదు. అదే కొంప ముంచింది.

పెద్దవాడి జ్ఞానదంతం వాచింది. డాక్టరు ఎక్స్‌రే తెమ్మన్నాడు.

"పైకి ఎలా ఉన్నా, దవడ లోపల ఎవరి దారి వాళ్ళదే. పెదవికి స్పర్శనిచ్చే నరం ఎముకలో సన్నని సొరంగంలోంచి పోతుంది. కొందరిలో పంటి వేరుకు దూరంగా, కొందరిలో ఆనుకుని. ఎవరికో ఒకరికి రెండు సొరంగాలుంటాయి. మీరు బాకా ఊదే మనిషి. చూడకుండా చెయ్యి పెట్టను."

పన్ను తీసేరోజు నేనూ చిన్నవాడూ బయట బల్ల మీద కూర్చున్నాం. ఎదురుగా అద్దాల తొట్టిలో చేపలు లేవు, బుడగలే వస్తున్నాయి.

"ఈ ఎక్స్‌రే ఫిల్ము మీదేనా?" లోపల డాక్టరు గొంతు.

"నా మొహం చూసి అడగండి డాక్టరుగారూ!" అని పెద్దవాడు నవ్వాడు.

చిన్నవాడు నా చెవిలో కిసుక్కుమన్నాడు. "బావా, అది నాది. పోయినేడు నా పన్ను తీసినప్పటిది. అన్నయ్యకి రిహార్సలు టైమవుతోందంటే బీరువాలోంచి తీసిచ్చా."

"ఓరి దౌర్భాగ్యుడా! ఒకే కంపెనీ తాళాలన్నిటికీ ఒకే తాళంచెవి పడుతుందిట్రా?"

అతని నవ్వు ఆగిపోయింది. ఇద్దరం లేచాం. అప్పటికే లోపల పన్ను కోసే మర గిర్రున తిరుగుతోంది. దాని మీదుగా ఒక అరుపు. మత్తిచ్చిన మనిషి అరవకూడదు.

తలుపు బాదాం. మర ఆగింది.

అప్పుడు తీశారు పెద్దవాడి సొంత ఫిల్ము. డాక్టరు దీపానికి పెట్టి చాలాసేపు చూశాడు. ఒక గీత కింద ఇంకో గీత. "రెండోది ఇదిగో," అన్నాడు మెల్లగా. "నేను కోసినచోటే."

సాయంత్రానికి పెదవి తిమ్మిరి వదులుతుందేమో అని చూశాం. సాయంత్రాలు చాలా గడిచాయి. బాకా మూతి పెదవికి ఆనిందో లేదో అతనికి తెలియదు. ఊదితే గాలి పక్కనుంచి పోతుంది.

ఇప్పుడు వాళ్ళని గుర్తుపట్టడం తేలిక. గడ్డం మీద టీ కారుతున్నా కబుర్లు చెబుతూనే ఉంటే అతను పెద్దవాడు. చిన్నవాడు జేబులోంచి రుమాలు తీస్తాడు.