తమ్ముడి సంతకం

శ్రావణ మాసం రెండో మంగళవారం, పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు నా తమ్ముడు ఎడమ చేత్తో సంతకం పెట్టాడు. ఆ సంతకం నేర్పింది నేనే. కాబట్టి ఈ సంగతి కూడా నేనే రాయాలి.

కొండాపురం పక్కన మా ఊరు ప్రాజెక్టు నీళ్లలో మునిగాక, నేనూ వాడూ ప్రొద్దుటూరులో రెండు గదుల ఇంట్లో ఉంటున్నాం. నా భర్త పోయాడు. వాడు పెళ్లే చేసుకోలేదు. నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చి వాడి కుడి పక్క పూర్తిగా పడిపోయింది. లేవలేడు, పక్కకు తిరగలేడు. మంచాన పడ్డవాళ్లకిచ్చే పెద్ద పింఛను వచ్చేది. దాన్ని వచ్చింది వచ్చినట్టే వాడిని చూసుకునే ఆమె చేతిలో పెట్టేదాన్ని. ఆమె మా వెనక వీధి సాయిబుల కోడలు. రెండు పూటలా వచ్చి వాడిని లేపి, కడిగి, బట్టలు మార్చి, వీపు తడి లేకుండా తుడిచి పోయేది. నాకు డెబ్బై దాటాయి, ఒక్కదాన్నే వాడిని ఎత్తలేను. పింఛను ఉంటే ఆమె ఉంటుంది. ఆమె లేకపోతే వాడు ఎట్లా పడి ఉంటే అట్లాగే ఉంటాడు.

పింఛన్లు మళ్లీ తనిఖీ చేస్తున్నారనీ, డాక్టరు ఇంటికే వస్తాడనీ నెలనెలా పింఛను తెచ్చిచ్చే వార్డు సచివాలయం అమ్మాయి ముందురోజు చెప్పిపోయింది.

ఇంటికి పెద్దమనిషి వస్తే మగవాడు మంచంలో పడుకుని పలకరించడం మా నాయన కాలం నుంచీ లేదు. జ్వరమొచ్చినా లేచి కూర్చోవలసిందే. పొద్దున్నే మంగలాయనను పిలిపించి వాడికి గడ్డం చేయించాను. ఇస్త్రీ చొక్కా తొడిగించాను. కుర్చీలో దిండ్లు వేసి కూర్చోబెట్టి, పడిపోకుండా చొక్కా లోపల నడుముకు తువ్వాలు చుట్టి వెనక కుర్చీకి కట్టాం.

“ఏందక్కా, పెండ్లిచూపులకా ఈ ముస్తాబు?” అంది సాయిబుల కోడలు, ముడి వేస్తూ.

“నోరు మూసుకోని గట్టిగ కట్టు. పిల్ల కుదిరితే నీకే చెప్తా ముందు.”

తమ్ముడు సగం మూతితో నవ్వాడు.

డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. “తనంతట తాను కూర్చుంటారా అమ్మా?” అని అడిగాడు.

“ఎందుకు కూచోడు సార్? చూస్తాండారు గదా. మా ఇంట్లో పండుకోని మాట్లాడేవాళ్లు ఎవురూ లేరు,” అన్నాను.

వెనక నుంచి ఆమె నా కొంగు లాగింది. విదిలించుకున్నాను.

సచివాలయం అమ్మాయి మిషను చాపి, “పెద్దాయనా, ఏలు ఈడ పెట్టు,” అంది. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు.

“అక్కా... పెన్ను.”

మా పొలం పోయిన కాగితం మీద నేనూ వాడూ వేలిముద్రలే వేశాం. అందులో ఏముందో మాకు తెలియదు. ఆ కడుపుమంటతో యాభై ఐదేళ్లకు నేను అక్షరాలు దిద్దాను. వాడు మంచాన పడ్డాక ఆరు నెలలు ఎడమ చేతికి బలపం పట్టించి వాడి పేరు నేర్పాను. వాడు ఒక్కో అక్షరం రాస్తుంటే అందరం నిలబడి చూశాం. డాక్టరు “శభాష్” అన్నాడు. నేను పొంగిపోయాను.

నెల తిరక్కముందే కాగితం వచ్చింది. కూడబలుక్కుని చదివాను. కూర్చోగలడు, చేత్తో రాయగలడు, సొంత పనులు కొంతవరకు చేసుకోగలడు. పెద్ద పింఛను పోయి మామూలు పింఛను మిగిలింది. మొదటి రెండు మాటలూ మా ఇంట్లోంచి పోయినవే.

అర్జీ పెడితే జమ్మలమడుగు ఆసుపత్రికి తెమ్మన్నారు. ఆటోలో పడుకోబెట్టుకుని తీసుకుపోయాం. అక్కడి డాక్టరు పాత కాగితం తిరగేసి, “ఈ సంతకం నీదేనా పెద్దాయనా?” అన్నాడు. నేను నోరు తెరిచేలోపే వాడు అవునని తలూపాడు. ఆ తర్వాత ఏ కబురూ లేదు.

ఆమె రెండు నెలలు సగం కూలికే వచ్చింది. తర్వాత పులివెందులలో ఎవరో ముసలామెను చూసుకునే పని కుదిరింది. “నేనేం చేసేదక్కా, నాకూ పిల్లోళ్లుండారు,” అని ఏడ్చింది. నిజమే, ఏం చేస్తుంది?

ఇప్పుడు దుప్పటి అంచు పట్టి లాగి వాడిని పక్కకు తిప్పుతాను. ఒక్కోసారి తిరుగుతాడు. నడుము దగ్గర పుండు పడింది, మానడం లేదు. పలక మంచం కిందే ఉంది. వాడు అడగడు, నేను తియ్యను.

ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్లు: డాక్టరు, సచివాలయం అమ్మాయి, గడ్డం చేసి కాఫీకి ఆగిన మంగలాయన, నా కొంగు లాగిన ఆమె, కుర్చీకి కట్టిన నా తమ్ముడు, కట్టించిన నేను. వాడు కూర్చోలేడని తెలియనిది ఒక్క డాక్టరుకే.