భువనగిరి టికెట్లతో అనంతగిరికి

కొండ ఎక్కడానికి మేము సికింద్రాబాదులో తూర్పు దిక్కుకు టికెట్లు కొని పడమటి బండి ఎక్కాం. మా వెనుక వెళ్ళదలచినవారికి దారి వివరాలు చెబుతాను. ముందు నా తప్పు చెప్పాలి.

పోలీసు చర్య జరిగిన తరువాతి చలికాలమది. రజాకార్ల భయంతో నెలల తరబడి ఊరు దాటని మాకు, రైళ్ళు మళ్ళీ నిశ్చింతగా తిరగడం చూడగానే కాళ్ళు నిలవలేదు. చిలకలగూడలోని మా చర్చా సమాజం నుంచి ముగ్గురం బయలుదేరదలిచాం. నేను, మా పక్కింటి విఠల్, శామ్యూల్ మాస్టారు. విఠల్ రైల్వే ఆఫీసులో గుమాస్తా. మాస్టారిది గుంటూరు, ఇక్కడి మిషన్ బడిలో లెక్కలు చెబుతారు. మూటలు వీపున కట్టుకుని ఒక కొండ ఎక్కి, ఒక రాత్రి ఉండి రావాలి. రెండు కొండలు మాటకొచ్చాయి. తూర్పున భువనగిరి: ఒకే రాయి, పైన పాత కోట. పడమట అనంతగిరి: వికారాబాదులో దిగి అడవి దారిన రెండు గంటల నడక, మూసీ పుట్టే చోటు.

మా సమాజంలో ఏదైనా చర్చతోనే తేలాలి. గురువారం సాయంత్రం కూర్చున్నాం. నేను భువనగిరి అన్నాను, విఠల్ అనంతగిరి అన్నాడు. ఎందుకని అడిగితే కాసేపు నసిగాడు.

"శనివారం తూర్పుకు వారశూల అంటది మా అమ్మ. ఆ దిక్కు పోవద్దంట."

ఇక నన్ను ఆపగలిగేదెవరు? పదేళ్ళుగా ముహూర్తాలతో, దిష్టి తాళ్ళతో పోట్లాడుతున్నవాణ్ణి. "నువ్వు రైల్వేలో పనిచేసేవాడివేనా? ప్రతి శనివారం కాజీపేట బండి తోలే డ్రైవరుకు గుచ్చుకోని శూల నీకొక్కడికే గుచ్చుకుంటుందా?" అన్నాను. "ఆ పక్క పోలీసులు మూటలు విప్పించి చూస్తున్నారటండీ" అని శామ్యూల్ మాస్టారు అడ్డొచ్చారు. "చూడనివ్వండి, మన మూటల్లో దాచేదేముంది?" అని ఆయన్నీ కొట్టిపారేశాను. చివరికి ఆయన ఓటు కూడా నాకే పడింది. విఠల్ తల వంచుకుని వెళ్ళిపోయాడు. గెలిచానని నేను హాయిగా నిద్రపోయాను.

శనివారం ఉదయం ఐదున్నరకు ఇల్లు వదిలాం. ఆరుకల్లా భువనగిరికి మూడు టికెట్లు నా జేబులో ఉన్నాయి. నడిచేవాడి మూట ఎనిమిది శేర్లు దాటకూడదని నా నియమం. ప్లాట్‌ఫారం మీదే అందరి మూటలూ విప్పించాను. నా మూటలో కంబళి, ధోవతి, జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ పచ్చడి. మాస్టారి మూటలో అదనపు బరువు బైబిలు. తీసెయ్యమని నేను, కుదరదని ఆయన; అది మా పాత తగాదా. విఠల్ మూటలో ఆడవాళ్ళ ఉన్ని స్వెటరు, కొబ్బరినూనె సీసా, దువ్వెన, మామిడికాయ పచ్చడి జాడీ బయటపడ్డాయి.

"కోట మీద ఎవరికి జడ వేస్తావోయ్?" అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు.

విఠల్ నవ్వలేదు. "నేను భువనగిరికి వస్తలేను సార్. ఏడున్నరకు పడమటి బండి ఉంది, దాంట్ల పోత. మీకు చెప్పే ధైర్యం లేక ఈడిదాంక వచ్చిన."

"ఎక్కడికి?"

"అనంతగిరి మీద క్షయ దవాఖానల మా అనసూయ ఉంది. ఆర్నెల్లాయె. ఈ గడబిడల్ల ఎవ్వరం పోలే. ఆదివారం లోపల ఎవ్వరు రాకుంటే మందు గిందు ఇడిచిపెట్టి కొండ దిగొస్తా అని ఉత్తరం రాసింది."

అనసూయ అతని చెల్లెలు. మేనత్త ఇంట్లో ఉందని మాకు చెప్పారు, మేము విన్నాం.

"గురువారం ఈ మాట ఎందుకు చెప్పలేదయ్యా?"

"గల్లీ అంత తెలుస్తది, దాని అత్తగారింట్ల తెలుస్తదని అమ్మ ఒట్టు పెట్టిచ్చుకుంది. మీతోటి కొండకు పోతే ఎవ్వరు అడగరనుకున్న. అందుకే శూల అన్న. నాకు సుత దాని మీద నమ్మకం లేదు సార్."

శామ్యూల్ మాస్టారు మూట కట్టుకుంటూ మెల్లగా అన్నారు: "పంచాంగాన్ని తమరు తలకిందులుగా పట్టుకుని చదివారండీ."

నిజం. అది తూర్పు వద్దంది, కనుక నేను తూర్పు అన్నాను. ఆ రాతి మీద నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో కూడా కనుక్కోలేదు. నమ్మేవాడికీ నాకూ దిక్కు చూపింది ఆ పుస్తకమే. కొత్త సాక్ష్యం దొరికాక పాత మాటే పట్టుకునేవాణ్ణి మూఢుడని వంద సభల్లో అన్నాను. వెళ్ళి వికారాబాదుకు మూడు టికెట్లు కొన్నాను.

బండి ఏడు ముప్పావుకు కదిలింది. బేగంపేట దాటాక ఎదుటి బల్ల మీది జామకాయల గంప ముసలమ్మ మా మూటలను ఎగాదిగా చూసింది.

"గిట్ల గాడిద బరువు మోసుకుంట ఏడికి పోతుండ్రు సారూ?"

"అనంతగిరి కొండకు."

"మొక్కా?"

"మొక్కు లేదమ్మా. నడవడానికే."

"మొక్కు లేకుంట కొండెక్కుడేందయ్యా! గంత తీరికనా?"

విఠల్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. దవాఖాన మాట ఎత్తలేదు.

పది దాటాక వికారాబాదులో దిగాం. స్టేషన్ బయట చాయ్ తాగండి, తరువాత దొరకదు. నిజాం హాలీ నాణేలు, బ్రిటిషు కల్దారు నాణేలు రెండూ తీసుకుంటారు. తోలు సంచుల్లో నీళ్ళు నింపుకుని నడిచాం. దారి మొదట ఎర్రమట్టి, పిమ్మట అడవి, చివర నిట్టనిలువు. వెళ్ళేవారు ఆ నిలువు దగ్గర ఆగి రొట్టె తినడం మంచిది. మమ్మల్ని విఠల్ ఆగనివ్వలేదు. అందరికంటే బరువు మూట అతనిదే, అందరికంటే ముందూ అతనే.

ఒంటిగంటకు దవాఖాన వరండా చేరాం. ఎడంగా నిలబడి మాట్లాడమని నర్సమ్మ చెప్పింది. అనసూయ ఎండలో మంచం మీద కూర్చుని ఉంది. మంచం కింద ఆమె మూట, కట్టి సిద్ధంగా ఉంది.

"ఇయ్యాల యాదికొచ్చిన్నా అన్నా?" అంది. విఠల్ మూట విప్పి స్వెటరు బయటికి తీశాడు. ఆమె నా వైపు తిరిగింది. "సారూ, లోకంల అన్నిటిని ప్రశ్నలడుగుతవు గదా. గోడ పక్కన ఉండి, ఆర్నెల్ల సంది ఈ పోరి ఏడికి పోయిందని ఒక్కపారి సుత అడగకపోతివి?"

ఎన్నో సభల్లో ఎందరికో జవాబు చెప్పాను. ఆమెతో మాత్రం, అడగలేదమ్మా, తప్పు నాదే అన్నాను.

ఆ రాత్రి గుడి పక్క సత్రంలో పడుకున్నాం. నాస్తికుడికి చోటు ఇచ్చినందుకు స్వామికి కృతజ్ఞత చెప్పమని మాస్టారు ఆటపట్టించారు. నేను ఆ కృతజ్ఞత సత్రం ఊడ్చే ఆయనకు చెప్పాను. కంబళి లేకుండా ఆ కొండ మీద రాత్రి ఉండకండి.

ఆదివారం పొద్దున మళ్ళీ వెళ్ళాం. అనసూయ స్వెటరు తొడుక్కుని, తల దువ్వుకుని ఉంది. వచ్చే నెల ఎప్పుడు వస్తామని అడిగింది. మొదటి శనివారమన్నాను. "మరి ఇదంత పేపర్ల రాస్తవా?" అంది. ఆమె వద్దంటే రాయనన్నాను. "రాయి సారూ. నేనేం దొంగతనం చేసిన్నా దాచనీకి? జెర నా పేరు సుత రాయి." విఠల్ నేల చూశాడు, తరువాత సరేనన్నట్టు తల ఊపాడు. మేము లేచేసరికి మంచం కింది మూట విప్పి ఉంది. బట్టలు గూట్లో మడతపెట్టి ఉన్నాయి.

మధ్యాహ్నం బండి కిక్కిరిసి ఉంది. మూటలు ఒళ్ళో పెట్టుకుని ముగ్గురం ఇద్దరు మనుషుల చోట్లో ఇరుక్కున్నాం. శంకర్‌పల్లి దగ్గర పక్కనున్న టోపీ పెద్దమనిషి అడిగాడు: "ఏడికెళ్లి వస్తుండ్రు?"

నేను విఠల్ వైపు చూశాను. అది నేను చెప్పవలసిన మాట కాదు.

"అనంతగిరి దవాఖానకెళ్లి" అన్నాడు విఠల్, డబ్బా అంతా వినేటట్టు. "మా చెల్లెకు క్షయ. నయమైతది."

పెద్దమనిషి రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, లేచి అవతలి బల్లకు పోయాడు. ఖాళీ అయిన చోట్లో విఠల్ తన మూట దించి, కాళ్ళు చాపుకున్నాడు.