తార్నాక బుడగల మేడమ్

మొన్న ఆదివారం నాతో కాలేజీలో పనిచేసే స్నేహితురాలి కూతురి పుట్టినరోజుకు వెళ్లాను. కేకు కోసే వేళకు ఓ మూల నుంచి బబుల్ మెషీన్ బుడగలు ఊదడం మొదలుపెట్టింది. పిల్లలంతా చేతులు పైకెత్తి గెంతుతున్నారు. ఒక బుడగ తేలుతూ వచ్చి నా పెదవి మీద పగిలింది. ముందు సబ్బు చేదు, దాని వెనకే అందులో కలిపిన గ్లిజరిన్ తీపి. ఆ రుచి తగలగానే సువార్త మేడమ్ గుర్తొచ్చారు. పెదవి తుడుచుకోకుండా కాసేపు అలాగే నిలబడిపోయాను.

మేడమ్‌ది తెనాలి వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. తార్నాకలో ఒక బడిలో చాలా ఏళ్లు సైన్సు చెప్పారు. గొంతు దెబ్బతిని, గట్టిగా మాట్లాడొద్దని డాక్టర్లు అన్నాక ఉద్యోగం మానేశారు. చర్చిలో క్రిస్మస్ కార్యక్రమానికి సరదాగా లైట్లు అమరిస్తే అందరికీ నచ్చింది. ఒకరి తర్వాత ఒకరు తమ ఇళ్ల వేడుకలకు పిలవడం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు ఇంటి ముందుగది నిండా రంగుల లైట్లు, బబుల్ మెషీన్లు, చుట్టలు చుట్టిన వైర్లు చేరాయి. నూలుచీర, తెల్లజుట్టు ముడి, కాళ్లకు రబ్బరు చెప్పులు. పార్టీలో ఆవిడను చూస్తే ఎవరి అమ్మమ్మో దారి తప్పి వచ్చిందనుకునేవారు.

నేను జనగామ దగ్గరి పల్లెలో, వ్యవసాయం చేసే ఇంట్లో పుట్టి, తెలుగు మీడియంలో చదివి, ఎమ్మెస్సీ ఫిజిక్స్ కోసం యూనివర్సిటీకి వచ్చాను. క్లాసులో ప్రశ్నలు నాకూ వచ్చేవి. కానీ ఒక్కో ప్రశ్నకు మనసులో ఇంగ్లీషు వాక్యం కట్టుకునేలోపు పాఠం ఎక్కడికో వెళ్లిపోయేది. నోరు తెరవకుండానే నెలలు గడిచాయి. చదువు మానేసి ఇంటికి పోదామా అని హాస్టల్ మంచం మీద పడుకుని ఆలోచిస్తున్న రోజులవి. ఆ సమయంలోనే మా డిపార్ట్‌మెంట్ పార్టీకి లైట్లు పెట్టడానికి మేడమ్ క్యాంపస్‌కు వచ్చారు.

అందరూ డాన్సులో ఉన్నారు. నేను మెషీన్ పక్కన, సబ్బునీళ్లతో తడిసిన బల్ల దగ్గర నిలబడ్డాను. కొన్ని బుడగలు ఆ తడి మీద వాలి, సగం గిన్నె బోర్లించినట్టు ఆగిపోతున్నాయి. వాటిని చూస్తూ లోకం మరిచాను.

"ఏం చూస్తున్నావమ్మాయ్ అంత దీక్షగా?" అని పక్కనుంచి బొంగురు గొంతు వినిపించింది.

"పగిలేముందు పైన నల్లగైతున్నది మేడమ్. రంగులన్ని కిందికి జారినంక, పైన ఏం లేనట్టు నల్లగ. గట్లెందుకైతది?"

యూనివర్సిటీలో నేను పైకి అడిగిన మొదటి ప్రశ్న అది. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని బల్ల మీదికి వంగారు. "నిజంగా నల్లబడుతోందా? ఏదీ, ఇంకోటి చూద్దాం" అన్నారు. ఇద్దరం వంగి మరో బుడగను చూశాం. తర్వాత ఆవిడ లేచి మిగతా లైట్లన్నీ ఆర్పి ఎర్రలైటు ఒక్కటే ఉంచారు. బుడగ మీది ఇంద్రధనుస్సు మాయమైంది. ఎర్రచార, నల్లచార, ఎర్రచార, నల్లచార. అంతే.

"ఇప్పుడు చెప్పు. రంగులు బుడగలో ఉన్నాయా, లైటులో ఉన్నాయా?"

"రెండిట్ల ఉన్నయేమో మేడమ్."

"ఏమో అన్నావు చూడు, అది బాగుంది. ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి రా, తేల్చుకుందాం."

డాన్సు చేస్తున్నవాళ్లు లైట్లు ఏమయ్యాయని అరుస్తుంటే, ఆవిడ నవ్వుకుంటూ మళ్లీ స్విచ్చులు వేశారు.

ఆ ఆదివారం నుంచి నేను తార్నాకకు వెళ్లడం మొదలైంది. మేడమ్ పులిహోరో, చేపల పులుసో పెట్టేవారు. తిన్నాక ఇద్దరం డాబా మీద బుడగలు వదిలేవాళ్లం. ఎండాకాలం గాలికి అవి పిట్టగోడ దాటకముందే పగిలిపోయేవి. వాన వెలిసిన సాయంత్రం అవే బుడగలు పక్కింటి నీళ్లట్యాంకు మీదుగా మెయిన్ రోడ్డు వైపు సాగిపోయేవి. గ్లిజరిన్ కాస్త ఎక్కువ పోస్తే ఏమవుతుంది, చల్లటి నీళ్లతో కలిపితే ఏమవుతుంది అని ఆవిడ అడగడమే తప్ప చెప్పడం ఉండేది కాదు. ఒకరోజు లైబ్రరీలో పలుచటి పొరల మీద వెలుగు ఎలా ప్రవర్తిస్తుందో చెప్పే అధ్యాయం తెరిచాను. అంతకుముందు పరీక్ష కోసం బట్టీ పట్టిన పేజీలే. ఈసారి ప్రతి వాక్యం నేను చూసినదాని గురించే చెబుతోంది. పగిలేముందు పొర వెలుగును వెనక్కి పంపలేనంత పలచబడుతుంది, అందుకే నలుపు. పుస్తకం పట్టుకుని తార్నాక దాకా నడిచే వెళ్లాను.

వీలున్నప్పుడు ఆవిడ వెంట పార్టీలకూ వెళ్లేదాన్ని. బుడగలు పడి జారే చోట నేల మీద ముందే చెప్పు రుద్ది ఎంత జారుతుందో చూసేవారు, మెషీన్ కింద గోనెపట్టా పరిచేవారు. స్ట్రోబ్ లైటు, అంటే కళ్ల ముందు టపటపా వెలిగి ఆరే లైటు, దాన్ని వేసేముందు మాత్రం ఇంటివాళ్లను పక్కకు పిలిచి ఒక మాట అడిగేవారు.

సీతాఫల్‌మండిలో అక్షిత అనే పాప పుట్టినరోజు నాడూ అలాగే అడిగారు. "ఇక్కడ ఎవరికైనా ఫిట్స్ వచ్చే అలవాటు ఉందాండీ?"

పాప తండ్రి చుట్టూ చూసి, "మా ఇంట్ల గసొంటియి ఎవ్వరికి లెవ్వు మేడమ్. మీరు పెట్టున్రి, పిల్లలు డాన్స్ చేస్తరు" అన్నాడు. పక్కనే పాప గాజులు సర్దుతున్న తల్లి తలెత్తలేదు.

కాసేపటికి ఆమె నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. "చెల్లె, గా లైటు వెయ్యకున్రి. నిరుడు మా అక్షితకు బడిల ఫిట్స్ వచ్చినయ్. చుట్టాలకు తెల్వదు. నేను చెప్పిన్నని ఆయనకు చెప్పకున్రి."

నేను మేడమ్‌కు చెప్పాను. ఆవిడ స్ట్రోబ్ ప్లగ్గు తీసి, లైటును పెట్టెలో పెట్టి మూత వేశారు. పాటలు మొదలయ్యాక తండ్రి వచ్చాడు. "లైటేది మేడమ్? అందరు అడుగుతున్నరు."

"ఆ లైటు వేయనండీ."

"ఎందుకు? వేస్తనని ఒప్పుకున్నరు గదా!"

చుట్టూ ఉన్నవాళ్లు ఇటు తిరిగారు. నిజం చెబితే తల్లి దొరికిపోతుంది. మేడమ్ పెట్టె మూత మీద చెయ్యి వేసి, "మీ ఇంట్లోనే కాదు, ఇకమీదట ఎవరింట్లోనూ వేయను. ఇప్పుడే అనుకున్నాను" అన్నారు. అది ఆ పూటకు చెప్పిన సాకు కాదు. ఆ తర్వాత ఆవిడ స్ట్రోబ్ వేయగా నేను చూడలేదు. తండ్రి మాత్రం, ఇంకెవ్వరికీ మీ పేరు చెప్పనని విసురుగా వెళ్లిపోయాడు.

మేడమ్ రంగుల లైట్లన్నీ ఆర్పారు. గోడవైపు ఒకే ఒక్క తెల్లలైటు ఉంచి, రెండు మెషీన్లూ ఆన్ చేశారు. చీకట్లోంచి బుడగలు ఆ వెలుగులోకి వస్తూనే రంగులు తొడుక్కున్నాయి. పిల్లలు వాటి వెంటపడి ఒకటే కేకలు. అక్షిత మాత్రం వాళ్లను వదిలి మా దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, గా లైటు నా కోసమే బంద్ చేసిన్రు కదా?"

మేడమ్ ఆ పిల్ల ఎత్తుకు కూర్చున్నారు. "అవునమ్మా."

"లైటుకు, ఫిట్స్‌కు ఏం సంబంధం?"

"మెదడు కూడా సన్నటి కరెంటుతోనే పనిచేస్తుంది. వెలుగు అలా గబగబా కొట్టుకుంటే కొందరి మెదడుకు తన తాళం తప్పుతుందట. అందరికీ కాకుండా కొందరికే ఎందుకో మాత్రం నాకు తెలియదు. మీ డాక్టర్ని అడుగు."

"నేను అడగొచ్చా?"

"తల నీది కదా తల్లీ. నువ్వు కాక ఎవరు అడుగుతారు?"

అప్పుడు చూశాను, కేకు ప్లేటుతో తండ్రి వెనకే నిలబడి ఉన్నాడు. మేం సామాను సర్దుకుంటుంటే వచ్చి, బరువైన మెషీన్ తానే ఎత్తి ఆటోలో పెట్టాడు. "డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు బిడ్డను బయట కూసోబెడుతుంటిమి మేడమ్" అన్నాడు నేల చూస్తూ. "ఈసారి లోపటికి తీస్కపోత."

ఆటో తార్నాక చేరేదాకా ఆ పిల్ల అడిగిన తీరే చెవిలో ఉంది. ఆ వారం క్లాసులో చెయ్యెత్తి, తెలుగులోనే ప్రశ్న అడిగాను. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. ప్రొఫెసర్ నవ్వలేదు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు కలిపి జవాబు చెప్పారు. ఇంటికి పోదామన్న ఆలోచన ఎప్పుడు వదిలిందో నాకే తెలియదు.

మేడమ్‌కు చివరి ఏళ్లలో శుక్లాలు వచ్చాయి. ముందు ఒక కంటికే ఆపరేషన్ చేశారు. చూడ్డానికి వెళ్తే మంచం మీద కూర్చుని ఒక కన్ను మూస్తూ, ఇంకోటి తెరుస్తూ గోడను చూస్తున్నారు. "ఈ కంటికి సున్నం నీలంగా ఉంది, ఆ కంటికి టీ పోసినట్టుంది. ఇన్నాళ్లూ నేను చూసిన తెలుపు ఏ తెలుపంటావు?" అని సంబరంగా అడిగారు. రెండు తెలుపులూ ఇంకొన్నాళ్లు పోల్చి చూడాలని, రెండో కంటి ఆపరేషన్ వాయిదా వేయమని డాక్టర్ని బతిమాలారని మేడమ్ చెల్లెలు చెప్పి నవ్వింది. ఆ మరుసటి ఏడు గుండెపోటుతో వెళ్లిపోయారు.

ఇప్పుడు నేనూ ఫిజిక్స్ చెబుతున్నాను. మా క్లాసులో ఎవరైనా ఇంగ్లీషు కోసం తడుముకుంటుంటే, నీకు వచ్చిన మాటల్లోనే అడుగు అంటాను. ఒక్కోసారి ఆ ప్రశ్నకు జవాబు నాకూ తెలియదు. అప్పుడు చాక్‌పీస్ బల్ల మీద పెట్టి, వెళ్లి ఆ విద్యార్థి పక్కన బెంచీ మీద కూర్చుంటాను. "ఏదీ, ఇంకోసారి అడుగు, ఇద్దరం చూద్దాం" అంటాను.