పైడిరాజు గారి ఏడుపు పాటలు

మొన్న మా వీధి చివర రేడియోలు బాగుచేసే కొట్టు ముందు నుంచి పోతుంటే, వేడెక్కిన వాల్వు మీద దుమ్ము కాలుతున్న వాసన వచ్చింది. అంతే. వంకాయలు కొనడానికి బయల్దేరినవాణ్ణి సరాసరి కోరాపుట్ కొండల్లోకి, డెబ్బయ్యో దశకం చివరి రోజుల్లోకి వెళ్లి పడ్డాను. అది మా పైడిరాజు గారి యాంప్లిఫయరు వాసన. ఆయన చేత్తో చేసుకున్న ఆ పెట్టెకు స్విచ్చి వేస్తే మా ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో సగం క్వార్టర్లలో దీపాలు గుడ్డివయ్యేవి. మిగతా సగంలో పసిపిల్లలు లేచి కూర్చునేవారు. ఆయన గిటారు తీగ మీటితే నందపూర్ సంతలో మేకలు తలలెత్తి చూసేవని చెప్పుకునేవారు. చెప్పింది నేనే అనుకోండి, కానీ ఎవరూ కాదనలేదు.

పగలు ఆయన ఫ్యాక్టరీలో మా లేత్ షాపులో నాకు పైవాడు. సాయంత్రమైతే మా పాటల బృందానికి నాయకుడు. గిటారూ గొంతూ ఆయనవి, డ్రమ్ములు నావి. బేస్ గిటారు హరి భాయిది. హరి భాయి ఒడియా మనిషి, తెలుగు ముక్క రాదు. అందుకే మా పాటలు అంత నవ్వుతూ వాయించగలిగేవాడు. ఎందుకంటే అవన్నీ ఏడుపు పాటలే. రాయగడ రైల్వే కాలనీలో ఒకావిడ పైడిరాజు గారిని కాదని ఒక గార్డును పెళ్లాడింది. ఆ ఒక్క దెబ్బ మీద ఆయన ఒక జిల్లాకు సరిపడా పాటలు కట్టారు. మాటలు వింటే గుండె చెరువు, దరువు వింటే కాళ్లు నిలవవు. ఒక్క సినిమా పాట వాయిద్దామంటే మాత్రం ససేమిరా అనేవారు. “అద్దెకు తెచ్చిన సంతోసం మనకెందుకురా? మన ఏడుపు మనం ఏడుద్దాం. కాపోతే ఎగురుతూ ఏడుద్దాం” అనేవారు.

ఒడియా వాళ్ల పెళ్లిళ్లలో మాకు ఎక్కడ లేని గిరాకీ. “పొమ్మన్నావు, పోయాను. పోయిన చోటల్లా నువ్వే ఉన్నావు” అని ఆయన గొంతు చించుకుంటుంటే, పెళ్లికొడుకు బాబాయిలు తువ్వాళ్లు తిప్పుతూ పందిరి రాటలు ఊడేలా ఎగిరేవారు. అలాంటి ఒక పెళ్లిలో మమ్మల్ని చూశాడు అప్పలనాయుడు అనే రైతు. తెలుగువాడే గానీ ఆ గోలలో మాటలు చెవికెక్కలేదు, ఎగురుళ్లు మాత్రం కంటికెక్కాయి. బంధుగాంలో తన కూతురి పెళ్లికి రమ్మని పట్టుబట్టాడు.

లారీలో ఘాట్ రోడ్డు దిగుతుండగా నాకు వెలిగింది. బంధుగాం అంటే ఆంధ్రా సరిహద్దు. పెళ్లికొడుకుది పార్వతీపురం వైపు. పందిట్లో ప్రతి ప్రాణికీ తెలుగు వచ్చు.

“గురువుగారూ, ఇక్కడ అందరికీ మాటలు తెలిసిపోతాయి. ఈ ఒక్కసారికీ సినిమా పాట...”

“తెలిస్తే తెలీనీ. ఇన్నాల్లకి ఒకలింటారు” అన్నారు, జేబులోంచి దువ్వెన తీస్తూ.

ముహూర్తం మధ్యాహ్నానికి. అంతదాకా జనాన్ని ఉత్సాహపరచడం మా పని. మొదటి చరణం పూర్తయ్యేసరికి పందిట్లో విసనకర్రలు ఆగిపోయాయి. పెళ్లికొడుకు మేనమామ లేచాడు. ఆయనకంటే ఆయన మీసాలు ముందు లేచాయి.

“ఏటి నాయుడూ, మమ్మల్ని పెల్లికి పిలిసేవా, దినానికి పిలిసేవా? తాళి కట్టకముందే ఈ ఏడుపేటి? మా పిల్లోన్ని తీసుకుని లేసిపోతాం!”

అప్పలనాయుడి ముఖంలో నెత్తురుచుక్క లేదు. పీట మీద పెళ్లికూతురు తలెత్తి అందరినీ బెదురుగా చూసింది. నా దరువు నెమ్మదించింది. పైడిరాజు గారు గిరుక్కున నా వైపు తిరిగారు. “ఒరే, నువ్వాపితే నాను నిజంగా ఏడిసేత్తాను. కొట్టు!” అన్నారు. కళ్లనిండా నీళ్లు. అంతవరకూ ఆ దుఃఖం సోడాలో గ్యాసులా పాటకు కావలసిన సరంజామా అనుకున్నాను. కొట్టాను. నా డ్రమ్ములు తప్ప ఆ మనిషిని నిలబెట్టేది ప్రపంచంలో మరేదీ లేనట్టు కొట్టాను.

ఆ దరువు మీదే ఆయన మైకులో మాట్లాడారు. “బాబూ, తప్పుగా అనుకోకండి. నన్ను ఒక పిల్ల కాదన్నాది. గార్డుని సేసుకున్నాది. ఆ గార్డు బంగారం లాటోడు, ఆల్లు సల్లగా ఉన్నారు. పెల్లంటే అంత మంచిది గాబట్టే గదా, దొరకనోడు ఇంత గోల సేత్తన్నాడు!”

పందిరి ఒక్క క్షణం ఆలోచించింది. పెళ్లికూతురి నాయనమ్మ, నోట్లో పన్నన్నది లేని మనిషి, ముందు వరసలోంచి అడిగింది. “మరి నువ్వు ఇంకో అమ్మిని సేసుకోలేదేటి, బాబూ?”

“నా పాటలిన్నాక పిల్లనెవులిత్తారు, మామ్మా!”

నవ్వు పందిరి ఆ చివర దాకా పోయి తిరిగి వచ్చింది. మేనమామ మీసాలను రెండు చేతులా అదిమిపెట్టుకున్నాడు గానీ, ఎడమవైపు నుంచి నవ్వు జారిపోయింది. అప్పుడు పీట మీది నుంచి పెళ్లికూతురు తండ్రి వైపు తిరిగి, “అయ్యా, ఆ పాట మల్లీ పాడమను” అంది. ఆడవాళ్లు ఒకరి నడుం ఒకరు పట్టుకుని థింసా ఆటకు వరస కట్టారు. ఆ వరసకు తోకలా మేనమామ. బాజాలవాళ్లు తమ వంతు కోసం మమ్మల్ని బతిమాలుకోవాల్సి వచ్చింది. తాళి కట్టాక హరి భాయి నా చెవి దగ్గరకు వంగి, “మధ్యలో ఏమైనా జరిగిందా?” అని హిందీలో అడిగాడు.

పైడిరాజు గారి దగ్గర నేను లేత్ పని నేర్చుకున్నాను, మరిచిపోయాను కూడా. వదలనిది ఇంకొకటుంది. ఏ చెడ్డ కబురు వచ్చినా, కళ్లకంటే ముందు నా వేళ్లకు తెలుస్తుంది. దొరికిన చెక్క మీదల్లా దరువు మొదలుపెడతాయి. అది వినగానే మా ఆవిడ స్టవ్ తగ్గించి, “ఏటయ్యింది?” అంటూ వంటింట్లోంచి వస్తుంది. పైడిరాజు గారు పోయారని రాయగడ నుంచి ఫోను వచ్చిన రోజున నేను బల్ల మీద వాయిస్తూనే కూర్చున్నాను. ఆవిడ స్టవ్ ఆపేసి వచ్చింది. ఎదుట కూర్చుని, తనూ రెండు వేళ్లతో అందుకుంది. తాళం పూర్తిగా తప్పు. నేను దిద్దలేదు. ఆపనూ లేదు.