చెప్పకూడదనుకున్న మాట

దయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ణి. మైపాడులో పుట్టి, ముప్పై ఏళ్ళుగా వేటకు పోతున్నాను. సముద్రం మీద నాకెప్పుడూ చేపలే కనిపించాయి. అందుకే ఇది బయటపెట్టడానికి ఇన్నాళ్ళు వెనకాడాను.

శీనయ్య నా భార్య చెల్లెలి మొగుడు. నాకంటే పదేళ్ళు చిన్న. ఇద్దరం ఒకే నీళ్ళలో వల వేసినా వాడి పడవే నిండుగా వచ్చేది. నా భార్య అన్నం వడ్డిస్తూ చెల్లెలి కొత్త ఇంటి సంగతులు చెబుతుంటే నాకు ముద్ద దిగేది కాదు.

ఆ వారం నా ఇంజను చెడి, పడవ ఒడ్డునే ఉండిపోయింది. అయినా రోజూ పొద్దున్నే వెళ్ళి శీనయ్య బయల్దేరడం చూసేవాణ్ణి. ఏం ఆశించి చూసేవాణ్ణో నాకే తెలుసు.

ఆరోజు అప్పుడే తెల్లారింది. శీనయ్య, వాడి మనుషులు ముగ్గురూ ఐసు కోసం వెళ్ళారు. వాడి ఫైబర్ పడవ వెనక, ఇంజను బిగించేచోటికి కింద, జానెడు చీలిక కనిపించింది. అలల దెబ్బకు అది తెరుచుకుంటుంది. చెప్పాలా వద్దా అని నిలబడి ఆలోచించాను. వద్దనుకున్నాను. ఒక్కరోజైనా ఖాళీగా రానీ అనుకున్నాను. మునిగిపోతారేమో అన్న ఆలోచన రాలేదంటే అబద్ధం.

పడవను తాకనైనా తాకకుండా టీ అంగడికి వెళ్ళి, సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాను.

గంట తర్వాత శీనయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అన్నా, నువ్వొచ్చి నా చెయ్యి పట్టుకొని ఆ చీలిక చూపించబట్టి సరిపోయింది. లేకుంటే ఈపాటికి మేం నలుగురం లేము," అన్నాడు.

వాడు వెళ్ళాక, నేను మధ్యలో లేచి ఎక్కడికైనా పోయానా అని టీ అంగడి అక్కను అడిగాను.

"ఈడే కూర్చోనుండావు గదా. రెండు టీలు తాగినావు," అన్నదామె.

శీనయ్య మనుషులను విడివిడిగా కదిపాను. ముగ్గురూ నన్ను చూశామన్నారు. ఒక్క మాట మాట్లాడకుండా వచ్చి, చీలిక చూపించి వెళ్ళిపోయానట. ఆ సాయంత్రం దాకా నా వేళ్ళు ఫైబర్ నూగు గుచ్చుకున్నట్టు దురదపెట్టాయి.

నెల్లూరులో నర్సింగ్ చదివే నా కూతురికి మాత్రం చెప్పాను. తను చదివిన ప్రకారం, మనం అనుకునేలోపే మెదడు లోలోపల నిర్ణయం తీసేసుకుంటుందట, మనకు తర్వాత తెలుస్తుందట. ఒక్కోసారి చేసింది గుర్తుండదట. మరి టీ అంగడి అక్క చూసిందేమిటి అంటే, క్లాసుకు టైమైందని ఫోను పెట్టేసింది.

శీనయ్య ఇప్పుడు నన్ను దేవుణ్ణి చూసినట్టు చూస్తాడు. వాడి పడవ నిండుగా వచ్చినా నా కడుపు మండడం లేదు. ఆ పొద్దున వెళ్ళి చూపించినవాడెవడో మాత్రం నాకు ఈరోజుకీ అంతుపట్టలేదు. ఇప్పుడు నా కుళ్ళంతా వాడి మీదే.