ఆసుపత్రిలో సాంబ్రాణి

అరవైల నాటి మాట. మా ఊరు సముద్రానికి ఎంత దగ్గరంటే, అలలు మా అరుగు మీద కూర్చుని వక్కాకు నమిలి పోయేవి. ఆ ఏడు వానల్లో ఊళ్లోని చంటిపిల్లలందరికీ ఒకేసారి జలుబు తగిలింది. తొమ్మిది నెలల నా కూతురికి అది రొమ్ములోకి దిగి, పక్కలెగరేయడం మొదలైంది. పాలు తాగదు. ఏడవడానికైనా ఓపిక లేదు.

చలిగాలి సోకిందని మా అమ్మ తలుపులు, కిటికీలు, చివరికి గోడలో చీమల బొక్కలు కూడా మూయించి, మూడు రోజులు సాంబ్రాణి, వేపాకు పొగ వేసింది. ఆ పొగకు నాయుడుపేటలో కాకులు దగ్గాయంటే మీరు నమ్మరు, నేను నమ్ముతాను. నాలుగోనాటి పొద్దున పిల్ల పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. బండి కట్టించి, బస్సెక్కి నెల్లూరులో ఆసుపత్రికి చేరాం.

డాక్టరుగారు పిల్ల మీదికి వంగి అదిరిపడ్డారు.

"ఏందయ్యా ఈ వాసన? బిడ్డను తెచ్చినావా, పొగలో మాగేసిన అరటిగెలను తెచ్చినావా?"

పిల్ల ముక్కులో రబ్బరు గొట్టం పెట్టి, రెండో కొసను తాటిచెట్టంత ఇనపబుడ్డికి తగిలించారు. అందులో ఉన్నది గాలేనని తెలిసి మా అమ్మ నోరెళ్లబెట్టింది.

"ఊరికే వచ్చే గాలికి నేను తలుపులేస్తే, ఈళ్లు బుడ్డిలో పోసి దాస్తారా!"

మర్నాడు మధ్యాహ్నం నా భార్య గుడ్డలుతకడానికి పంపు దగ్గరికి పోయింది. నేను టీ తాగి వార్డులోకి వచ్చి చూద్దును గదా, మా అమ్మ టీకొట్టులో అడిగి తెచ్చిన నిప్పులను మూకుట్లో పోసి, ఇనపబుడ్డికి జానెడు దూరంలో పెట్టి, కొంగున దాచి తెచ్చిన సాంబ్రాణి ముడి విప్పుతోంది.

నర్సమ్మ కేక పెట్టింది. ఆ కేకకు పక్క వార్డులో కాలు విరిగినాయన లేచి పరుగెత్తాడు.

"సిలిండరు పక్కన నిప్పా! అందరం గాల్లోకి లేస్తాం ముసలమ్మా!"

బిందెడు నీళ్లు కుమ్మరించింది. సగం నిప్పుల మీద, సగం మా అమ్మ మీద.

అప్పుడు మంచం మీద నుంచి ఏడుపు. ఇన్నాళ్లూ గొంతు పెగలని నా కూతురు గుక్కపెట్టి ఏడుస్తోంది. నర్సమ్మ పిల్ల పెదవి తిప్పి చూసింది. నలుపు విరిగింది.

"ఏడవనీ అన్నా. ఏడ్చేంత ఊపిరి వచ్చింది గదా!"

మా అమ్మ తడికొంగు పిండుకుంటూ నావైపు తిరిగింది. "చూసినావా నాయనా? పొగ లేవకముందే గుణం కనిపించింది!"

పిల్లకు నయమై ఇంటికి రాగానే కిటికీ రెక్కలన్నీ ఊడబీకి పెరట్లో పారేశాను. అమ్మ వాటితోనే మనవరాలి స్నానానికి నీళ్లు కాచింది.